విమ్ బాణం పైపూత కాదు

విమ్ ఎడిటర్ స్క్రిప్టు భాషలో అంతర్నిర్మిత ఫంక్షన్లను రెండు రకాలుగా పిలవవచ్చు. ఒక లిస్టులో ఎన్ని అంశాలున్నాయో తెలియాలంటే లెన్(పేర్లు) అని రాయవచ్చు, పేర్లు->లెన్() అనీ రాయవచ్చు. రెండూ పిలిచేది ఒకే ఫంక్షన్‌ను, రెండింటికీ వచ్చే జవాబూ ఒకటే. బాణం గుర్తున్న ఈ రెండో రూపాన్నే విమ్ సహాయ పత్రాలు మెథడ్ అంటాయి. విమ్ సృష్టికర్త బ్రామ్ మోలెనార్ దీన్ని 2019 ఆగస్టులో 8.1.1803 ప్యాచ్‌తో కొద్దిపాటి ఫంక్షన్లకు మాత్రమే తెచ్చారు. తర్వాతి ప్యాచుల్లో ఒక్కొక్కటే చేరుతూ, ఆ ఏడాది డిసెంబరులో 8.2 వెర్షన్ వెలువడే నాటికి వందల ఫంక్షన్లు బాణం వెనక నిలబడే స్థితికి వచ్చాయి. (ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో చూపడం జరిగింది. ఎడిటర్‌లో అవి చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి.)

ఈ బాణం మీద స్క్రిప్టులు రాసేవాళ్లలో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. బాణం ఉత్త పైపూత అని, భాషకు కొత్త శక్తినేమీ ఇవ్వదని అంటారు. ఉన్నదాన్నే మరోలా రాసే వీలు కల్పించి గందరగోళం పెంచిందంటారు. జావాస్క్రిప్టునూ రూబీనీ చూసి విమ్ కూడా ఆబ్జెక్టుల వేషం కట్టిందని, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఉందని అంటారు. పైగా పాత ఎడిటర్లలో ఇది నడవదు కాబట్టి జాగ్రత్తగా రాసేవారు దీని జోలికే పోకూడదని తీర్మానిస్తారు. పాత ఎడిటర్ల మాట నిజమే. గందరగోళం మాటలో కొంత నిజముంది. మిగిలిన ఆరోపణలు మాత్రం బాణం ఎలా పనిచేస్తుందో చూడకుండా చేసినవి.

ముందుగా ఈ అవసరం ఎప్పుడు పుట్టిందో చూడాలి. 1998లో వచ్చిన విమ్ 5.0తో స్క్రిప్టు భాష మొదలైనప్పుడు అందులో ఉన్న విలువలు సంఖ్యలు, స్ట్రింగులు మాత్రమే. ఒక ఫంక్షన్ ఇచ్చిన ఫలితాన్ని మరో ఫంక్షన్‌కు అందించే సందర్భం వచ్చినా, సాధారణంగా ఒకటి రెండు పొరలతో ఆగిపోయేది. 2006లో వెలువడిన 7.0 లిస్టులనూ డిక్షనరీలనూ తెచ్చింది. లిస్టు తీసుకుని లిస్టునే తిరిగిచ్చే ఫిల్టర్, మ్యాప్, సార్ట్ వంటి ఫంక్షన్లు వాటితోనే వచ్చాయి. తీసుకున్న రకాన్నే తిరిగిచ్చే ఫంక్షన్లు ఎప్పుడూ ఒకదాని కడుపులో ఒకటి చేరతాయి. 2016లో 8.0 లాంబ్డాలను ఇచ్చాక ఈ గూడుకట్టడం ఇంకా పెరిగింది. ఎందుకంటే మ్యాప్‌కు ఏ పని అప్పగించాలన్నా అక్కడికక్కడే చిన్న ఫంక్షన్ రాసే వీలు వచ్చింది. బాణం ఈ పరిస్థితికి జవాబుగా వచ్చింది. వేరే భాషలోని ఫ్యాషన్‌ను చూసి వచ్చింది కాదు.

ఒక సాధారణమైన పని తీసుకుందాం. తెరిచిన ఫైల్లో ఒక్కో వరసకు ఒక్కో పేరు ఉంది. పేర్లకు అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేయాలి, ఖాళీ వరసలు ఏరేయాలి, అక్షరక్రమంలో పెట్టాలి, రెండుసార్లు వచ్చినవాటిని ఒకటి చేయాలి, చివరికి కామాలతో కలిపి ఒకే వరస చేయాలి. శుభ్రం, ఖాళీకానిది అనేవి ముందే రాసిపెట్టుకున్న రెండు లాంబ్డాలు అనుకుంటే పాత రూపం ఇలా ఉంటుంది:

జాయిన్(యూనిక్(సార్ట్(ఫిల్టర్(మ్యాప్(గెట్‌లైన్(1, '$'), శుభ్రం), ఖాళీకానిది))), ', ')

బాణంతో ఇలా ఉంటుంది:

గెట్‌లైన్(1, '$')
->మ్యాప్(శుభ్రం)
->ఫిల్టర్(ఖాళీకానిది)
->సార్ట్()
->యూనిక్()
->జాయిన్(', ')

మొదటి రూపంలో అన్నిటికంటే ముందు జరిగే పని వరస మధ్యలో దాక్కుంది, చివర జరిగే పని మొదట కనిపిస్తోంది. ఇది అందరికీ కనిపించే ఇబ్బందే. ఇంతకంటే పెద్దది మరొకటుంది. జాయిన్ అనే పేరు ఎడమ చివర ఉంటే, దానికి చెందిన ', ' అనే ఆర్గ్యుమెంటు కుడి చివర ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి చెందినవని తెలుసుకోవడానికి మధ్యలోని బ్రాకెట్లన్నీ లెక్కపెట్టాలి. ఖాళీకానిది అన్నది ఫిల్టర్‌దా, సార్ట్‌దా అన్నది కూడా బ్రాకెట్ల లెక్కతోనే తేలుతుంది. సార్ట్ కూడా రెండో ఆర్గ్యుమెంటుగా ఒక ఫంక్షన్‌ను తీసుకుంటుంది కాబట్టి ఒక్క బ్రాకెట్ అటూ ఇటూ అయితే ఆ లాంబ్డా సార్ట్‌కు పోతుంది, ఫిల్టర్‌కు ఆర్గ్యుమెంటు చాలలేదని విమ్ తప్పు చూపిస్తుంది.  బాణం రూపంలో ప్రతి ఆర్గ్యుమెంటూ తన ఫంక్షన్ పేరు పక్కనే ఉంటుంది. ఈ పొరపాటుకు అక్కడ చోటే లేదు.

క్రమం విషయంలోనూ ఇంతే. విమ్‌లో యూనిక్ ఫంక్షన్ పక్కపక్కనే ఉన్న జంటలను మాత్రమే ఒకటి చేస్తుంది. యూనిక్స్‌లోని అదే పేరున్న కమాండు కూడా అంతే. కాబట్టి ముందు సార్ట్, తర్వాతే యూనిక్ జరగాలి. పాత రూపంలో యూనిక్ ముందు కనిపిస్తుంది, సార్ట్ దాని తర్వాత కనిపిస్తుంది. అనుభవం ఉన్నవారికి ఇది ఇబ్బంది కాదు. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని తిరగేసి చదువుతారు, తిరగేసి రాస్తారు. తెలుగు వాక్యానికి అలవాటుపడ్డవారికి బాణం క్రమం మరీ సహజం. వరసలు తీసుకుని, శుభ్రం చేసి, ఖాళీవి ఏరేసి, వరుసలో పెట్టి, కలపడం అనే వాక్యం ఏ క్రమంలో నడుస్తుందో బాణాలూ ఆ క్రమంలోనే నడుస్తాయి.

బాణాన్ని కాదనేవారి దగ్గర ఇక్కడ ఒక గట్టి వాదన ఉంది. అంత లోతుగా గూడుకట్టమని ఎవరు చెప్పారు, ఒక్కో మెట్టు ఫలితాన్ని ఒక్కో చరరాశిలో పెట్టుకుంటే పాత రూపమూ పైనుంచి కిందికే నడుస్తుంది కదా అని వారంటారు. మధ్య ఫలితానికి నిజంగా ఒక అర్థం ఉన్నప్పుడు ఈ సలహా మంచిదే. శుభ్రమైన పేర్ల జాబితాను రెండు చోట్ల వాడాలంటే దానికి పేరు పెట్టడమే సరైన పని. కానీ పై ఉదాహరణలో అలాంటి అవసరం ఎక్కడా లేదు. శుభ్రం చేసి ఇంకా ఖాళీలు ఏరని జాబితాకు, క్రమంలో పెట్టి ఇంకా జంటలు తీయని జాబితాకు పేర్లు వెతుక్కోవలసి వస్తుంది. చివరికి జాబితా1, జాబితా2 అనో, ఒకే పేరును అయిదుసార్లు తిరగరాస్తూనో గడపాలి. అర్థం లేని పేరు పెట్టిన చోటల్లా చదివేవాడు దాన్ని గుర్తుపెట్టుకోవాలి, తర్వాత ఎక్కడైనా వాడారేమో చూడాలి. బాణం ఆ భారాన్ని తీసేస్తుంది. మధ్య ఫలితం మరెక్కడా పనికిరాదని అది చూడగానే తెలిసిపోతుంది.

కోడ్ మార్చే పని కూడా తేలికవుతుంది. ఒక్కో మెట్టు ఒక్కో వరస కాబట్టి యూనిక్ వద్దనుకుంటే ఆ వరస మీద కర్సర్ పెట్టి డీ కీని రెండుసార్లు నొక్కితే చాలు. పాత రూపంలో అదే పనికి పేరు చెరపాలి, బ్రాకెట్ చెరపాలి, దానికి జతైన బ్రాకెట్ ఎక్కడుందో వెతికి దాన్నీ చెరపాలి. వెర్షన్ చరిత్రలో కూడా మారింది ఒక్క వరసేనని స్పష్టంగా కనిపిస్తుంది. విమ్9 అనే కొత్త స్క్రిప్టు భాషలోనైతే వరస విరవడానికి వెనక గీత (బ్యాక్‌స్లాష్) కూడా అక్కర్లేదు, మెట్ల మధ్య వ్యాఖ్య రాసుకోవచ్చు. మధ్యలో విలువ చూడటం కష్టమని గొలుసు కోడ్ మీద ఫిర్యాదు చేసేవారు, ఆరు పొరల గూడు మధ్యలో విలువ చూడటం ఎలాగో చెప్పరు. బాణంలో అయితే కింది మెట్ల ముందు వ్యాఖ్య గుర్తు పెడితే అంతవరకూ జరిగిన పని బయటపడుతుంది.

ఇక పైపూత అన్న మాట. పైపూత అయితే ఒక రూపాన్ని యాంత్రికంగా మరో రూపంలోకి మార్చేయగలగాలి. నిమ్, డీ భాషల్లో ఉన్నది అలాంటిదే. అక్కడ చుక్కకు ఎడమనున్నది ఎప్పుడూ మొదటి ఆర్గ్యుమెంటే. ఎలిక్సిర్ పైపు గుర్తూ విలువను మొదటి స్థానంలోనే పెడుతుంది. ఎఫ్ షార్ప్ చివరి స్థానంలో పెడుతుంది. ఈ భాషల్లో నియమం ఒక్కటే, దాన్ని ఒక వాక్యంలో చెప్పేయవచ్చు. విమ్ అలా చేయలేదు. ఏ ఫంక్షన్‌లో ఏ ఆర్గ్యుమెంటు బాణానికి ఎడమవైపు రావాలో ఫంక్షన్ ఫంక్షన్‌కూ విడిగా నిర్ణయించింది.

అపెండ్ ఫంక్షన్ చూస్తే ఇది బోధపడుతుంది. అది వరస సంఖ్యను మొదటి ఆర్గ్యుమెంటుగా, చేర్చాల్సిన పాఠాన్ని రెండో ఆర్గ్యుమెంటుగా తీసుకుంటుంది. మొదటి స్థానం నియమం పాటిస్తే 10->అపెండ్(పాఠం) అని రాయాలి, అది అసలు పనికిరాని రూపం. విమ్ బాణానికి ఎడమనున్నదాన్ని ఇక్కడ రెండో స్థానంలో పెడుతుంది. అందువల్ల పాఠం->అపెండ్(10) అని రాస్తాం, ఆ పాఠం పదో వరస కింద చేరుతుంది. సెట్‌లైన్ కూడా అలాగే. ప్రింట్ఎఫ్‌లో మూస మొదటి స్థానంలో, అందులో నింపే విలువ రెండో స్థానంలో ఉంటాయి. బాణం విలువను రెండో స్థానానికి పంపి, మూసను బ్రాకెట్లలో ఉంచుతుంది. పరీక్షలకు వాడే అసర్ట్‌ఈక్వల్‌లో ఆశించిన విలువ ముందు, వచ్చిన విలువ తర్వాత. అక్కడా వచ్చిన విలువే బాణానికి ఎడమన ఉంటుంది. ట్యాబ్‌లోని విండో చరరాశిని మార్చే సెట్‌ట్యాబ్‌విన్‌వార్‌లో విలువ నాలుగో ఆర్గ్యుమెంటు, బాణం దాన్ని నాలుగో స్థానానికే పంపుతుంది. లోకల్‌టైమ్ వంటి ఏ విలువా తీసుకోని ఫంక్షన్లకు బాణం తగిలిస్తే ఈ276 అనే తప్పు చూపిస్తుంది.

ఈ నిర్ణయాలన్నీ విమ్ మూలకోడ్‌లో అంతర్నిర్మిత ఫంక్షన్ల పట్టికలో ఒక నిలువు గడిలో రాసి ఉంటాయి. విమ్ నుంచి చీలిన నియోవిమ్ తన పట్టికలో ఇదే సమాచారాన్ని బేస్ అనే పేరుతో ఉంచుకుంటుంది. దీన్ని నింపడానికి ఎవరో కూర్చుని ప్రతి ఫంక్షన్ గురించీ ఆలోచించాలి: ఇందులో ప్రయాణించే వస్తువు ఏది, ఆ వస్తువును ఏం చేయాలో చెప్పే వివరం ఏది అని. 1998 నుంచి ఇరవై ఏళ్లపాటు ఎప్పుడు పడితే అప్పుడు పుట్టిన ఫంక్షన్లకు ఆర్గ్యుమెంట్ల క్రమంలో ఒక పద్ధతి లేదు. పాత క్రమాన్ని మారిస్తే లోకంలో ఉన్న ప్లగిన్లన్నీ విరిగిపోతాయి. దేన్నీ విరగగొట్టకుండా ఆ చిందరవందరకు ఒక క్రమం తెచ్చింది బాణమే. దీన్ని పైపూత అనడం అన్యాయం.

స్థానం మార్చడం వల్ల అమలులోనూ తేడా వస్తుంది. సెట్‌లైన్(బీ(), ఏ()) అని రాస్తే ముందు బీ నడుస్తుంది, తర్వాత ఏ నడుస్తుంది. ఏ()->సెట్‌లైన్(బీ()) అని రాస్తే ముందు ఏ నడుస్తుంది. రెంటిలో ఏదైనా బఫర్‌ను మార్చేదైతే ఫలితమే మారవచ్చు. విమ్9లో కంపైల్ అయ్యే ఫంక్షన్లలో ముందు లెక్కకట్టిన విలువను స్టాక్‌లో దాని అసలు స్థానానికి జరపడానికి షఫుల్ అనే ప్రత్యేకమైన సూచన ఉంది. అర్థంలో ఏ తేడా లేకపోతే ఆ సూచన అవసరమే ఉండేది కాదు.

ఆబ్జెక్టుల వేషం అన్న ఆరోపణకు జవాబు ఒక చిన్న డిక్షనరీలో దొరుకుతుంది. డబ్బా అనే డిక్షనరీలో లెన్ అనే తాళం కింద ఒక ఫంక్షన్‌ను పెట్టామనుకుందాం. డబ్బా.లెన్() అని చుక్కతో పిలిస్తే ఆ తాళం కింద మనం పెట్టిన ఫంక్షన్ నడుస్తుంది. డబ్బా->లెన్() అని బాణంతో పిలిస్తే అంతర్నిర్మిత లెన్ నడిచి, డిక్షనరీలో ఎన్ని తాళాలున్నాయో చెబుతుంది. చుక్క వస్తువు లోపలికి చూస్తుంది, బాణం చూడదు. వస్తువు తన సొంత పద్ధతిని తానే మోసుకొచ్చే ఏర్పాటు విమ్‌లో 2006 నుంచీ చుక్కతో ఉంది. ఆ ఫంక్షన్‌కు ఆ డిక్షనరీని సూచించే సెల్ఫ్ కూడా అందుతుంది. 2024 జనవరిలో వెలువడిన 9.1 క్లాసులను తెచ్చినప్పుడు వాటి మెథడ్లకూ చుక్కనే ఇచ్చింది. ఆబ్జెక్టు పనికీ బాణం పనికీ మధ్య గీత విమ్‌లో మొదటి నుంచీ స్పష్టంగానే ఉంది. ఫలానా రకానికే చెందిన మెథడ్లు భవిష్యత్తులో రావచ్చని సహాయ పత్రం ఒక తలుపు తెరిచి ఉంచింది, అంతవరకే. మెథడ్ అన్న పేరు కొందరిని తప్పుదారి పట్టించిందన్నది ఒప్పుకోవలసిందే. ఆ తప్పు పేరుది, పనితీరుది కాదు.

వస్తువుకే మెథడ్లు అంటించే పద్ధతిలో ఉన్న ప్రమాదం జావాస్క్రిప్టు చరిత్రలో నమోదై ఉంది. 2018లో ఆ భాష ప్రమాణాలు రూపొందించే టీసీ39 కమిటీ లిస్టులన్నిటికీ ఫ్లాటెన్ అనే మెథడ్ చేర్చబోయింది. మూటూల్స్ అనే పాత లైబ్రరీ చాలా ఏళ్ల క్రితమే అదే పేరును అదే చోట తగిలించి ఉంచింది. కొత్త మెథడ్ పెడితే ఆ లైబ్రరీ వాడే పాత వెబ్‌సైట్లు విరిగిపోతాయని తేలింది. చివరికి పేరు ఫ్లాట్‌గా మారి 2019 ప్రమాణంలో చేరింది. విమ్ 2020లో తన ఫ్లాటెన్ ఫంక్షన్‌ను చేర్చినప్పుడు ఇలాంటి గొడవేదీ రాలేదు. అంతర్నిర్మిత ఫంక్షన్ల పేర్లు చిన్న అక్షరంతో మొదలవుతాయి. వాడుకరి రాసుకునే గ్లోబల్ ఫంక్షన్ల పేర్లు పెద్ద అక్షరంతోనే మొదలవ్వాలని పాత నియమం ఉంది. బాణం వెనక ఏ పేరు ఉన్నా అది ఎక్కడిదో చూడగానే తెలుస్తుంది. అది ఎవరో వచ్చి వస్తువుకు అంటించిన పేరు కాదు. వాడుకరి రాసుకున్న ఫంక్షన్లు కూడా అదే గొలుసులో, అంతర్నిర్మితాలతో సమానంగా నిలబడతాయి. నక్క పెట్టుకున్నది పులి వాత కానే కాదు.

ఒక పనికి ఒక్కటే దారి ఉండాలన్న పైథాన్ సూత్రాన్ని బాణానికి వ్యతిరేకంగా తరచు తెస్తారు. ఆ సూత్రం పైథాన్‌లో ఎలా నిలబడిందో చూడటం ఉపయోగం. పొడవు తెలియాలంటే లెన్ ఫంక్షన్. క్రమంలో పెట్టాలంటే సార్ట్ మెథడ్, లేదా సార్టెడ్ ఫంక్షన్. కలపాలంటే జాయిన్ మెథడ్, అదీ లిస్టుది కాదు, మధ్యలో పెట్టే కామాది. ఏది ఫంక్షనో ఏది మెథడో, మెథడైతే ఎవరిదో విడివిడిగా గుర్తుంచుకోవాలి. విమ్‌లో ఉన్నవి రెండు దారులు కావు. ఫంక్షన్ ఒకటే, దాని పేరు ఒకటే, సహాయ పత్రంలో దాని పుట ఒకటే. మారేది ఒక్క ఆర్గ్యుమెంటు నిలబడే చోటు. ఆ చోటు ఏదో కూడా ఆ పుటలోనే ఉంటుంది.

గొలుసు పద్ధతి విమ్‌కు పరాయిది అనడం కూడా సరికాదు. విమ్ పుట్టిన వీఐ యూనిక్స్ మీద పెరిగింది. ఒక కమాండు ఫలితాన్ని మరోదానికి అందించే పైపు యూనిక్స్‌లోకి 1973లోనే డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుదల వల్ల వచ్చింది. ఫైలు మొత్తాన్ని సార్ట్ గుండా, యూనిక్ గుండా పంపడం విమ్ వాడేవారికి రోజువారీ పని. స్క్రిప్టు భాషలో ఆ నిలువు గీత గుర్తును వాడలేకపోయారు, ఎందుకంటే అది ముందే రెండు కమాండ్లను విడదీయడానికి ఖర్చయిపోయింది. చుక్క స్ట్రింగులు కలపడానికీ డిక్షనరీ తాళాలకూ పోయింది. మిగిలినది బాణం. ఇతర చోట్ల కూడా ఇదే అవసరం ఇదే దారి పట్టింది. ఈమాక్స్ 2016 నాటి 25.1లో లిస్ప్ కోడ్‌ను పైనుంచి కిందికి చదివించే మాక్రోలను తెచ్చింది. గణాంకాలకు వాడే ఆర్ భాష 2021లో 4.1.0తో సొంత పైపును తెచ్చుకుంది. ఇన్ని భాషల వాళ్లు ఒకే ఇబ్బందికి ఒకే రకం మందు వెతుక్కున్నప్పుడు దాన్ని ఫ్యాషన్ అని కొట్టిపారేయలేం.

బాణం మీద నిజంగా చెప్పుకోదగ్గ లోపాలు వేరే ఉన్నాయి. పైన అన్న అభిప్రాయం వాటిని వదిలేసి లేనివాటిని పట్టుకుంది. మొదటిది, పాత స్క్రిప్టులో లాంబ్డాకూ ఇదే గుర్తు. మెథడ్ పిలుపులోనే లాంబ్డా పెడితే ఒక వరసలో రెండు బాణాలు రెండు అర్థాలతో కనిపిస్తాయి. ఈ గందరగోళాన్ని విమ్9 సహాయ పత్రమే ఒప్పుకుని, లాంబ్డాకు సమాన గుర్తున్న వేరే బాణాన్ని ఇచ్చింది. రెండోది, బాణం చాలా గట్టిగా అంటుకుంటుంది. 'శ్రీ ' . పేరు->టుఅప్పర్() అని రాస్తే పెద్ద అక్షరాల్లోకి మారేది పేరు మాత్రమే, ముందున్న స్ట్రింగు మారదు. మొత్తం మారాలంటే బ్రాకెట్లు పెట్టాలి. ఇది చాలాసార్లు నిశ్శబ్దంగా తప్పు ఫలితం ఇస్తుంది కాబట్టి తెలుసుకుని ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది మూడోది. ఫిల్టర్, మ్యాప్, సార్ట్, యూనిక్ అన్నీ విమ్‌లో అసలు లిస్టునే మార్చేస్తాయి. మంచివి = అన్నీ->ఫిల్టర్(షరతు) అని రాస్తే మంచివి అన్న పేరూ అన్నీ అన్న పేరూ ఒకే లిస్టును చూపిస్తాయి, ఏరేసినవి రెండు చోట్లా పోతాయి. జావాస్క్రిప్టులో ఫిల్టర్ కొత్త లిస్టును ఇస్తుంది కాబట్టి అక్కడి నుంచి వచ్చినవారు బాణాన్ని చూసి అలాగే జరుగుతుందని అనుకుంటారు. నింద బాణం మీద పడుతుంది. ఫిల్టర్(అన్నీ, షరతు) అని రాసినా జరిగేది సరిగ్గా ఇదే, ఇది 2006 నుంచీ ఉన్న గుణం. బాణం వల్ల దీని నివారణ మరింత కనబడేలా అయింది. అన్నీ->కాపీ()->ఫిల్టర్(షరతు) అన్న గొలుసులో కాపీ తల దగ్గరే నిలబడుతుంది, అది లేకపోతే లేదని వెంటనే తెలుస్తుంది. గూడు రూపంలో అది అన్నిటికంటే లోపలి పొరలో ఉంటుంది. 8.2 కాలంలో వచ్చిన మ్యాప్‌న్యూ కొత్త లిస్టునే ఇస్తుంది. ముందు చూపిన పేర్ల ఉదాహరణలో కాపీ అక్కర్లేదు, ఎందుకంటే గెట్‌లైన్ ఇచ్చేదే ప్రతిసారీ తాజా లిస్టు.

బాణం దొరికింది కదా అని ప్రతిచోటా వాడటమూ తప్పే. కర్సర్ ఏ వరసలో ఉందో అడగడానికి లైన్('.') అన్నది స్పష్టంగా ఉంది. '.'->లైన్() అని తిరగేస్తే చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. ఇఫ్ పక్కన ఎంప్టీ(జాబితా) హాయిగా చదువుకోవచ్చు. విలువ ఒక పని నుంచి మరో పనికి ప్రయాణిస్తున్నప్పుడు బాణం, ఒక్క ప్రశ్న అడిగి జవాబు తీసుకునేటప్పుడు పాత రూపం అన్నది సబబైన వాడుక.

లువా భాష వచ్చాక ఇదంతా కాలం చెల్లిన చర్చ అనేవారూ ఉన్నారు. నియోవిమ్‌లో చాలామంది లువాలోనే రాస్తున్నమాట నిజం. కానీ 2024 మేలో వెలువడిన నియోవిమ్ 0.10 లువా కోసం విమ్ ఐటర్ అనే సాధనాన్ని ప్రత్యేకంగా తెచ్చింది. లిస్టును దాని చేతికిచ్చి ఫిల్టర్, మ్యాప్ అంటూ కోలన్‌తో ఒక్కో మెట్టుగా గొలుసు కట్టడమే దాని పని. భాష మారినా అవసరం మారలేదు. లువాకు మారినవారు దానికోసం ఒక కొత్త వస్తువును కల్పించుకోవలసి వచ్చింది, విమ్ స్క్రిప్టుకు ఒక్క గుర్తు సరిపోయింది.

మిగిలింది పాత ఎడిటర్ల మాట. ఇది నిజమైన అభ్యంతరం. బాణాన్ని చూసిన పాత విమ్ ఆ వరస దగ్గర తప్పు చూపిస్తుంది. ఉబుంటు 18.04తో వచ్చిన విమ్ 8.0కు బాణం తెలియదు. 20.04తో వచ్చిన 8.1.2269కు తెలుసు, ఎందుకంటే అది 1803 ప్యాచ్ తర్వాతిది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9 ఇచ్చేది 8.2 కాబట్టి అక్కడా ఇబ్బంది లేదు. ఎనిమిదో వెర్షన్ ఇచ్చేది మాత్రం 8.0, దానికి మద్దతు 2029 దాకా ఉంది. అలాంటి సర్వర్లలో నడవాల్సిన స్క్రిప్టు రాసేవారు పాత రూపంలోనే రాయాలి, లేదా హ్యాస్ ఫంక్షన్‌తో ప్యాచ్ సంఖ్య చూసుకుని దారి మార్చాలి. తమ సొంత యంత్రంలో కొత్త విమ్ ఉండి, తమ కోసమే స్క్రిప్టు రాసుకునేవారు ఈ కారణం చెప్పి బాణాన్ని దూరం పెట్టడానికి ఏ ఆధారమూ లేదు.